మంచాన పడిన అత్తగారి సేవలో అలసిపోతే అది పాపమా? ఒక కోడలి ప్రశ్నకు సమాధానం

ప్రభువునందు ప్రియమైన సహోదరికి వందనములు.

మీరు వ్రాసిన సంగతి క్లుప్తంగా ఇది. మీ అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయి, మాట కూడా పోయి రెండేళ్లు దాటింది. తినిపించడం, ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రిపూట పక్కకు తిప్పడం అన్నీ మీ ఒక్కరి చేతుల మీదే జరుగుతున్నాయి. మీవారు ఉద్యోగమూ, సంఘ కోశాధికారి బాధ్యతలూ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి రాత్రవుతుంది. బావగారు అమెరికాలోనూ, ఆడపడుచు హైదరాబాదులోనూ ఉంటున్నారు. సంఘంలో అందరూ మిమ్మల్ని అత్తను విడిచిపెట్టని బైబిలు కోడలు రూతుతో పోలుస్తున్నారు, పాస్టరుగారు "ఇది ప్రభువు నీకిచ్చిన సిలువ" అని ఆదరిస్తున్నారు. అయినా ఈ మధ్య అర్ధరాత్రి లేవవలసి వచ్చినప్పుడల్లా మీకు పట్టరాని కోపం వస్తోంది. ఒక రాత్రి ఆమెను మోటుగా పక్కకు తిప్పారు. ఆ తరువాత ప్రభుబల్లలో పాలుపొందడానికి మీ మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఇది పాపమా, డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటే విశ్వాసంలో తప్పిపోయినట్లా అని మీరు అడిగారు.

నేను కోస్తాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా సంఘంలో స్త్రీల మైత్రి పనులు కూడా చాలాకాలం చూశాను. అందువల్ల వాక్యం వైపు నుంచీ, మంచం పక్క నుంచీ రెండు విధాలా చెబుతాను. అలసిపోవడం పాపం కాదు, మనిషిని పెట్టుకోవడం అవిశ్వాసం కాదు. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీ కోపం కాదు, రెండేళ్లుగా ఆ మంచం దగ్గర మరెవ్వరూ కనిపించకపోవడం. లేఖనాలు చెప్పే సేవ ఇంటిల్లిపాదిదీ, సంఘానిదీ. దానిని ఒక్క మనిషి మీద వదిలివేసి, ఆ మనిషిని పొగడుతూ ఉండడానికి వాక్యంలో ఆధారం లేదు.

ఇంటివారి సంరక్షణ గురించి మన ప్రసంగాలలో తరచుగా వినిపించేది మొదటి తిమోతి 5వ అధ్యాయం 8వ వచనం: తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడు అని. దానికి నాలుగు వచనాల ముందు పౌలు ఆ బాధ్యత ఎవరిదో స్పష్టంగా వ్రాశాడు. విధవరాలికి పిల్లలుగాని మనుమలుగాని ఉంటే, వారు మొదట తమ ఇంటివారి యెడల భక్తి కనుపరచి, తలిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలి అంటాడు. అంటే మీ ఇంట్లో ఆ మాట మొదట వర్తించేది మీవారికి, తరువాత బావగారికీ ఆడపడుచుకీ. మీ పేరు ఆ వచనంలో లేదు. అదే అధ్యాయం 16వ వచనంలో విశ్వాసురాలైన స్త్రీ తన ఇంటి విధవరాండ్రకు సహాయం చేయాలని ఉన్న మాట నిజమే. దానిని మీకు ఎవరైనా చూపించవచ్చు. అక్కడ సందర్భం సంఘ నిధి మీద భారం పడకుండా వారి పోషణ చూడడం గురించి. కన్నకొడుకులను తప్పించి కోడలి చేత రాత్రింబవళ్లు చాకిరీ చేయించుకోమని అందులో లేదు.

మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు కొర్బాను ఆచారాన్ని ఖండించిన భాగాన్ని మీవారితో కలిసి కుటుంబ ప్రార్థనలో చదవండి. తలిదండ్రులకు చెందవలసిన సొమ్మును దేవునికి అర్పించాము అని చెప్పి, ఆ వంకతో వారికి ఏమీ చేయకుండా తప్పించుకునేవారిని ఆయన అక్కడ గద్దించాడు. మన కాలంలో అది సొమ్ముతోనే ఆగదు, సమయానికి కూడా వర్తిస్తుంది. ఉజ్జీవ కూటములకు అమ్మ పేరున కానుక పంపుతూ అమ్మకు ఒంటికి పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్ (గాలి పరుపు) కొనని కొడుకులను, ప్రతి గృహకూడికకూ హాజరై రోగులకోసం ప్రార్థించి వచ్చి, ఇంట్లో ఉన్న రోగికి ఒక్కపూట అన్నం తినిపించని పెద్దలను నేను చూశాను. మీవారు అటువంటివారని నేను అనడం లేదు. ఆయనను నేను ఎరుగను. కాని సంఘం లెక్కలు చూడటానికి వారంలో కొన్ని సాయంత్రాలు దొరుకుతున్నాయంటే, తల్లి పక్కన కూర్చోవడానికీ ఒకటి రెండు దొరకాలి. సంఘానికి మరొక కోశాధికారి దొరుకుతాడు.

ఇక రూతు. ఆ పోలిక మీకు బరువైతే అది మీ లోపం కాదు, దానిని సగమే చెబుతున్నారు. రూతు అత్త నయోమి ఇద్దరు కోడళ్లనూ పుట్టింటికి వెళ్లిపొమ్మని ఆశీర్వదించి పంపింది. ఓర్పా ఏడ్చి, ముద్దుపెట్టుకొని వెళ్లిపోయింది. ఆమెను లేఖనం ఒక్కమాట కూడా నిందించలేదు. రూతు వెళ్లనన్నది తన ఇష్టంతో. బేత్లెహేముకు వచ్చాక కూడా రూతు ఒక్కతే మోసిన కథ కాదు అది: పొలం యజమాని పనివారికి చెప్పి పనలు జారవిడిపించాడు, నయోమి తన కోడలికి ఒక నెమ్మదిగల చోటు చూడాలని తానే పూనుకుంది. అత్త కోడలి క్షేమం గురించి ఆలోచించిన భాగాన్ని మనం ఎందుకో ప్రసంగించము.

సిలువ గురించి కూడా ఒకమాట. ప్రభువు తన సిలువను ఎత్తుకొమ్మని శిష్యునితో చెప్పాడు. ఇంకొకరి భుజం మీద పెట్టి అది నీ సిలువ అనమని ఎవరికీ చెప్పలేదు. ఆయన సొంత సిలువనే కురేనీయుడైన సీమోను కొంతదూరం మోశాడు. పాస్టరుగారు మిమ్మల్ని ఆదరించాలనే ఆ మాట అని ఉంటారు, సందేహం లేదు, అయితే మరోసారి వచ్చినప్పుడు ఈ సీమోను సంగతి వినయంగా గుర్తుచేసి, "అయ్యగారూ, సంఘంలో ఇద్దరు అక్కలను వారానికి ఒక మధ్యాహ్నం పంపగలరా?" అని అడగండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోపం జరుగుతోందని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ఓర్చుకొమ్మని చెప్పి పంపేయలేదు, ఏడుగురిని ఏర్పరచి ఆ పని వారికి అప్పగించారు. ఆ ఏడుగురూ పురుషులే.

అలసట గురించి వాక్యం చాలా సానుభూతితో మాట్లాడుతుంది. బదరీవృక్షం కింద పడుకొని చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఉపదేశం చేయలేదు. తిండి పెట్టి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువే ఏకాంత స్థలానికి వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకొమ్మన్నాడు. రెండేళ్లుగా ఏ రాత్రీ తెగని నిద్రపోని మనిషికి కోపం రావడం శరీరధర్మం. ఆసుపత్రిలో ఎంత భక్తిగల నర్సుకైనా ఎనిమిది గంటలు కాగానే డ్యూటీ మారుస్తాము. అది ఆమె ప్రేమ మీద అనుమానంతో కాదు, రోగి క్షేమం కోసం. గుంటూరుకు 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు; 1930లో ఆమె కన్నుమూసిన తరువాత కూడా ఆ ఆసుపత్రి నడిచింది. వెల్లూరులో మరో మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సులకు, 1918లో స్త్రీ వైద్యులకు శిక్షణ మొదలుపెట్టారు. మనం త్యాగమూర్తులని చెప్పుకునే ఈ ఇద్దరూ తాము కష్టపడటంతో ఆగలేదు, ఆ పని చేయగల మరిన్ని చేతులను తయారు చేశారు. మీ ఇంట్లో జరగవలసింది కూడా అదే.

అయితే కోపం రావడం వేరు, చెయ్యి మోటు కావడం వేరు. ఈ రెండింటినీ నేను ఒకే గాటన కట్టను. పక్షవాతం వచ్చిన భుజం కండరాల పట్టు తప్పి ఉంటుంది, ఆ చెయ్యి పట్టి లాగితే కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది. కనుక రేపు పొద్దున్నే ఆమె కళ్లలోకి చూసి, "అత్తయ్యా, ఆ రాత్రి గట్టిగా తిప్పాను, నొప్పి పుట్టి ఉంటుంది, క్షమించండి" అని చెప్పండి. మాట పోయినంత మాత్రాన అర్థం కావడం పూర్తిగా పోయిందని అనుకోవద్దు. చాలామందికి మనం అనుకున్నదానికంటే ఎక్కువే అర్థమవుతుంది. తరువాత దేవుని సన్నిధిలో ఒప్పుకొని, ప్రభుబల్లకు నిస్సంకోచంగా వెళ్లండి. ఇకపై అటువంటి క్షణం వస్తే, ఆమె మంచం మీదనుంచి జారిపోకుండా భద్రంగా ఉందని చూసుకొని, గది బయటకు వచ్చి నీళ్లు తాగి, ఊపిరి కుదుటపడ్డాకనే మళ్లీ చెయ్యి వేయండి. అయిదు నిమిషాలు తడిబట్టతో ఉండడం కంటే కోపంలో ఉన్న చెయ్యి ప్రమాదం. ఏడుపు ఆగకపోవడం, ఏమీ తినబుద్ధి కాకపోవడం, ఆమె పోయినా నేను పోయినా బాగుండుననే తలంపు పదే పదే రావడం వంటివి ఉంటే, దానిని ప్రార్థన లోపంగా తీసుకోకుండా 14416 అనే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరుకు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం గురించి మీకు మంచి సమరయుని ఉపమానమే చాలు. అతడు గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, ఆ రాత్రి పూటకూళ్ల ఇంట్లో తానే పరామర్శించాడు. మరునాడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవానికి ఇచ్చి, ఇతనిని చూసుకో, ఇంకేమైనా ఖర్చైతే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తాను అని తన దారిన వెళ్లాడు. దేనారము ఆనాటి దినకూలి. అంటే జీతమిచ్చి మరొకరి చేత చేయించిన సంరక్షణ కూడా ఆ ఉపమానంలో ప్రేమ కిందికే వచ్చింది, ప్రభువు అతనినే మాదిరిగా చూపించాడు. తిరిగి వస్తానన్నమాట మాత్రం మరచిపోకూడదు: మనిషిని పెట్టాక ఆమెకు అప్పగించి మరచిపోవడం కాక, రోజూ వచ్చి చూడటం ఇంటివారి పని.

ఈ ఖర్చు ఎవరు భరించాలన్నది ఇంట్లో కూర్చొని తేల్చుకోవలసిన విషయం. మీవారి చేతనే అన్నగారికీ చెల్లెలికీ ఫోను చేయించండి. మీరు చేస్తే అది కోడలి ఫిర్యాదుగా వినబడుతుంది, కొడుకు చేస్తే అమ్మ అవసరంగా వినబడుతుంది. "మాకు కష్టంగా ఉంది" అని చెప్పించకండి. రాత్రి ఆయాకు నెలకు ఇంత, డైపర్లకు ఇంత, మందులకు ఇంత, ఫిజియోథెరపీకి ఇంత అని కాగితం మీద వ్రాసి, అందులో ఎవరి వాటా ఎంతో అడగమనండి. ఆడపడుచు రెండు నెలలకొకసారి వారం రోజులు వచ్చి ఉండగలిగితే ఆ వారం మీరు పుట్టింటికి వెళ్లి రండి. ఆ వారంలో ఫోను చేసి సూచనలు ఇవ్వకండి, ఆమె తల్లిని ఆమె చూసుకోగలదు. తలిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టం కూడా ఆ బాధ్యతను కొడుకులతోపాటు కూతుళ్ల మీద, వయసు వచ్చిన మనుమల మీద పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. మీ కుటుంబం అర్హతల్లోకి వస్తుందేమో మీ ఊరి సచివాలయంలో అడగండి, వైకల్యాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం కావలసి ఉంటుంది. వృద్ధుల సమస్యలకు 14567 అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఇప్పుడు మంచం పక్కకు వద్దాం, ఎందుకంటే పని తీరు మారితే మీ అలసటలో సగం తగ్గుతుంది. ఒక దుప్పటిని నాలుగు మడతలు పెట్టి ఆమె భుజాల నుంచి తొడల వరకు శరీరం కింద ఉంచండి. తిప్పేటప్పుడు మనిషిని పట్టకుండా ఈ దుప్పటిని పట్టి తిప్పాలి, ఇద్దరు చెరో పక్క ఉండాలి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆ రెండో మనిషి మీవారే. పూర్తిగా పక్కకు పడుకోబెట్టనక్కర లేదు, వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా ఒరిగేలా చేస్తే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒక దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. పగటిపూట రెండు గంటలకొకసారి తిప్పాలన్న నియమం మంచిదే. కాని మంచి ఎయిర్ బెడ్ ఉండి, చర్మం ఎక్కడా దెబ్బతినకుండా ఉంటే, డాక్టరునో నర్సునో అడిగి రాత్రి ఆ వ్యవధిని నాలుగు గంటల దాకా పెంచుకోవచ్చు. మీకు తెగకుండా నాలుగు గంటల నిద్ర దొరకడం ఆమెకు కూడా మేలే.

రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుము కింది ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల మీద చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోయినా, చామనఛాయ ఒంటి మీద రంగు తెలియక అక్కడ వేడిగానో గట్టిగానో తగిలినా పుండు మొదలవుతున్నట్లే. ఆ చోటును రుద్దకూడదు, స్పిరిట్టూ పౌడరూ రాయకూడదు, ఆ పక్కకు పడుకోబెట్టకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న గాలి చక్రం మీద కూర్చోబెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, అది మేలు కన్నా కీడే చేస్తుంది. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, పక్షవాతం రాని ఎడమ బుగ్గ వైపు చిన్న ముద్దలు పెట్టండి. కుడి బుగ్గలో మెతుకులు మిగిలిపోలేదని ప్రతిసారీ చూడండి. నీళ్లకన్నా చిక్కటి జావ మింగడం తేలిక. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర శబ్దం, పదే పదే జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపండి.

ఈ పనులన్నింటిలో మరచిపోయేది ఒకటుంది. మీ అత్తగారికి కూడా ఇది సేవ చేయించుకోవడం అనే కఠినమైన పని. శిష్యుల పాదాలు కడిగిన సందర్భంలో పేతురు మొదట ఒప్పుకోలేదు. కడగడం కంటే కడిగించుకోవడం అతనికి కష్టమైంది. ఒకప్పుడు ఈ ఇల్లంతా నడిపిన ఆమె ఇప్పుడు కోడలి ముందు బట్ట లేకుండా పడుకోవలసి వస్తోంది. డైపరు మార్చేటప్పుడు తలుపు వేయండి, పైభాగాన్ని దుప్పటితో కప్పండి, చెయ్యి వేసే ముందు "ఇప్పుడు ఈ పక్కకు తిప్పుతున్నాను" అని చెప్పండి. మీవారితో ఆమె గురించి మాట్లాడవలసింది ఉంటే ఆమె మంచం మీదుగా మాట్లాడుకోకండి. ఎడమ చేతికి దువ్వెన ఇవ్వండి, చిక్కుడుకాయలు ఇవ్వండి. ఎన్ని ఈనెలు తీసినా తీయకపోయినా ఫరవాలేదు. పేతురు అత్త జ్వరం తగ్గగానే లేచి ఇంటివారికి ఉపచారం చేసిందని మార్కు వ్రాశాడు. ఇతరులకు ఏదో ఒకటి చేయగలగడం ముసలితనంలో కూడా మనిషికి అవసరమే. మరొక సంగతి: కుడి పక్క పడిపోయి మాట పోయినవారిలో కొందరు మాట్లాడలేకపోయినా పాడగలుగుతారు. చిన్ననాటి నుంచి పాడుకున్న కీర్తన పల్లవిని మీరు నెమ్మదిగా ఎత్తుకొని, చివరి మాట దగ్గర ఆగి చూడండి. మా వార్డులో నెలల తరబడి పెదవి విప్పని ఒక పెద్దావిడ ఆదివారం పాట వినబడగానే చరణం చివర అందుకున్నది. అది మందు కాదు, అందరిలో జరుగుతుందని కూడా చెప్పను. అయినా ప్రయత్నించినందువల్ల నష్టం లేదు.

చివరగా, ఇవన్నీ చేసి చూశాక కూడా ఇంట్లో సాగదనిపిస్తే వృద్ధుల ఆశ్రమంలోనో నర్సింగ్ కేర్ కేంద్రంలోనో చేర్చడం పాపమా అని మీరు ఉత్తరం అడుగున ఒక్క వాక్యంలో అడిగారు. పాపం కాదు. ఆ నిర్ణయం మాత్రం మీ నోటి నుంచి రాకూడదు, పిల్లలు ముగ్గురూ కలిసి తీసుకోవాలి, ఆమెకు ముందుగా చెప్పి తీసుకోవాలి, చేర్చాక వారం వారం ఎవరు వెళ్లి చూస్తారో ఆ రోజే నిర్ణయించుకోవాలి. చేర్చే ముందు ఆ చోటికి ఒకసారి పగలు చెప్పి, ఇంకొకసారి రాత్రి ఎనిమిదింటి ప్రాంతంలో చెప్పకుండా వెళ్లండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులకు ఎంతమంది ఉన్నారో అడగండి, గదుల్లో మూత్రం వాసన ఉందేమో గమనించండి, మంచాన ఉన్నవారిని ఎంతసేపటికి ఒకసారి తిప్పుతున్నారో వ్రాసిన కాగితం చూపించమనండి. బంధువులు రావడానికి వేళలు ఉండడం సహజమే కాని, చెప్పకుండా వస్తే లోపలికి రానివ్వము అనే చోట చేర్చకండి.